తాపీ మాది, టెండరు వాళ్లది

నేను సర్కారు బడిల సోషల్ చెప్పే సార్ను. ఏటా చలికాలంల పిల్లల్ని పిల్లలమర్రి తీస్కపోత. సూర్యాపేట పక్కనే. కాకతీయులకు సామంతులుగా ఉన్న రేచర్ల రెడ్లు పదమూడో శతాబ్దం మొదట్ల కట్టించిన గుళ్లు అక్కడున్నయ్. ఎవరు కట్టించిన్రు, దేవుని పేర ఏమేం ఇచ్చిన్రు అన్నది చెప్పుకుంట పోతున్న. తొమ్మిదో తరగతి పిల్ల ఒకామె ఆపి అడిగింది. "కట్టించినోళ్లు సరే సార్, కట్టినోళ్ల పేర్లేవి?"

నేను మస్తు సంబురపడ్డ. నా పాఠం పారిందనుకున్న. ఇంటికొచ్చి మా నాయనకు చెప్పిన. మా నాయన నలభై ఏండ్లు తాపీ పట్టిన మనిషి. ఆయన సంబురపడలే. బీడీ ఆర్పి, "పేరు ఎనకటి సంగతిరా. ఆళ్ల కూలి ఆళ్లకు ముట్టిందా లేదా, గది అడుగు" అన్నడు.

ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనియ్యలే. పెద్ద పెద్ద కట్టడాల వెనక చెమటలు ఎవరివని మన అభ్యుదయ కవులు అడిగిన్రు. మంచిదే అడిగిన్రు. కాని వాళ్ల కవిత్వంల కూలి ఎప్పటికీ కూలే. అతను కూలిగనే ఎందుకు ఉండిపోయిండు, తరతరాలుగా గోడ కట్టేటోడు ఒక్కసారన్న కాగితం మీద సంతకం పెట్టి 'ఈ పని నాది' అని ఎందుకు అనలేకపోయిండు అని వాళ్లు అడగలె. ఆ ప్రశ్న మాది. మా ఇంట్ల మూడు తరాలు కట్టుడు పనిల అరిగిపోయినయ్ గనుక అడిగే హక్కు నాకున్నది.

మేం మాదిగలం. మాది సూర్యాపేట దిక్కు మెట్ట ఊరు. మా ముత్తాత కాలంల తోలుపని, దాంతోపాటు వెట్టి. సూర్యాపేట తాలూకాల ఎర్రపహాడ్ దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలుండెనని పుచ్చలపల్లి సుందరయ్య రాసిండు. అంత భూమి ఉన్నోడికి గడీ ఉంటది, కొట్టాలుంటయ్, గడీకి కోటంత గోడ ఉంటది. అసుంటి గోడలకు మట్టి తొక్కింది, సున్నం మోసింది వెట్టోళ్లు. మా ముత్తాత ఏ దొర గోడకు మట్టి తొక్కిండో మా తాత చెప్పేటోడు కాదు. "తొక్కిండు, తన్నులు తిన్నడు, వచ్చిండు" అని మాత్రం అనేటోడు. 1946 నుంచి 51 దాకా నడిచిన సాయుధ పోరాటంల గడీలు బోసిపోయినయ్. వెట్టి పోయింది. అయితే వెట్టి పోయినంక మా చేతులకు ఏం పని దొరికింది? మళ్లా మట్టిపనే దొరికింది. ఈసారి కూలికి.

1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి ఏసిండు. మా తాత, నాయనమ్మ కొత్తగ పెండ్లయినోళ్లు, ఊరోళ్లతోటి కలిసి సాగర్ పోయిన్రు. రాతితో కట్టిన ఆనకట్టల్ల ప్రపంచంలనే అతిపెద్ద వాటిల అదొకటి. 400 అడుగుల పైచిలుకు ఎత్తు. పైకి పోయే రాయిల, మాలుల ఎంతో భాగం మనుషుల నెత్తిమీద పోయింది. పాలమూరు నుంచి మేస్త్రీలు అడ్వాన్సులిచ్చి గుంపులు గుంపులుగ జనాన్ని తెచ్చిన్రు. ఆడోళ్లు చంటిపిల్లల్ని గుడిసెలల్ల పండబెట్టి తట్టలు మోసిన్రు. మా నాయనమ్మ నడినెత్తి మీద రూపాయి బిళ్లంత జాగల ఎంటికలు మొలవలే. సచ్చిపోయేదాక గట్లనే ఉండె. చిన్నప్పుడు నేను ఆ జాగ మీద వేలు పెట్టి ఆడుకునేది. అది సాగర్ డ్యామ్ అని నాకప్పుడు తెల్వది.

అదే కాలంల, 1954 నుంచి 1960 దాకా, నీళ్లల్ల మునిగిపోయే నాగార్జునకొండ లోయల పురావస్తు శాఖోళ్లు తవ్వకాలు చేసిన్రు. ఇక్ష్వాకుల కాలం ఆరామాలను ఇటుక ఇటుక లెక్కబెట్టి కొన్నింటిని కొండ మీదికి తెచ్చి మళ్లా కట్టిన్రు. అది గొప్ప పనే, నేను పిల్లలకు గొప్పగనే చెప్త. కాని పదిహేడు వందల ఏండ్ల కిందటి ఇటుకకు రిజిస్టర్ల నెంబరు దొరికింది, మా నాయనమ్మ హాజరు ఏ రిజిస్టర్లనో నేను ఇయ్యాల్టికీ ఎరుగ. ఆమె పేరు మేస్త్రీ నోటనే ఉండె. మేస్త్రీ పోయిండు, పేరూ పోయింది.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ వచ్చి కాలువలకు నీళ్లు ఇడిచింది. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మీదుగ పోతది. మా ఊరికి ఆ కాలువ రాలె, వచ్చినా మాకు భూమి లేదు. నీళ్లొచ్చినకాడ వరి పెరిగింది, వరి పెరిగినకాడ మిల్లులు లేచినయ్. మిర్యాలగూడ మిల్లుల పట్నం అయింది. మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లి దిక్కు సున్నపురాయి ఉండబట్టి సిమెంటు ఫ్యాక్టరీలొచ్చినయ్. మిల్లు పైసలు మేడలైనయ్. మా నాయన పద్నాలుగేండ్ల పోరడప్పుడు అన్నం కోసం మిర్యాలగూడ చేరింది ఆ మేడల పనికే.

ఇక్కడ ఒక సంగతి విద్యార్థి మిత్రులకు చెప్పాలె. కట్టుడు పనిల కులం లేదని చానామంది అనుకుంటరు. పొద్దున్నే అడ్డా మీద నిలబడ్డోళ్లంత ఒక్కతీరుగనే కనబడుతరు గద. కాని బండ కొట్టుడు వడ్డెరోళ్లది, మట్టిపని ఉప్పరోళ్లది, తలుపులు దర్వాజలు వడ్లోళ్లవి. వాళ్లవి కూడా అణగారిన బతుకులే, కాదనను. కాని వాళ్లకు చేతిల పనిముట్టు ఉండె. పనిముట్టు ఉన్నోనికి పేరుంటది, రేటుంటది. మాల మాదిగలకు ఒప్పజెప్పింది తట్ట. మోసుడు, అందించుడు, మాలు కలుపుడు, నీళ్లు పోసుడు. మా నాయన ఆరేండ్లు తట్టే మోసిండు. ఒకనాడు మేస్త్రీ భోజనానికి పోతే తాపీ పట్టుకొని నాలుగు ఇటుకలు పేర్చిండట. వచ్చి చూసిన మేస్త్రీ ఆ నాలుగు ఇటుకలు కాలుతో తన్ని, "తట్ట మోసేటోనికి తాపీ ఎందుకురా" అన్నడట.

ఆయనకు పని నేర్పింది సూర్యాపేటల ఒక సాయిబు మేస్త్రీ. ఆ ముసలాయన కులం అడగలె. చెయ్యి చూసిండు. గుండు దారం ఎట్ల పట్టాలె, పైపుల నీళ్లు పోసి మట్టం ఎట్ల చూడాలె, గోడకు బస్తా సిమెంటుకు ఎన్ని తట్టల ఇసుక, పైకప్పు కిందికి ఎన్ని, అన్నీ నేర్పిండు. గోడ కట్టుబడికి ఒకటికి ఆరు, స్లాబు కింద పూతకు ఒకటికి మూడు, అని మా నాయన ఎక్కాల లెక్క చదువుతడు. ఆయన బడికి పోయింది రెండో తరగతి దాకనే. 1983ల ఎన్.టి. రామారావు సర్కారు వచ్చినంక బలహీన వర్గాల ఇండ్ల కాలనీలు ఊరూరికి లేచినయ్. మా నాయన మొదటిసారి మేస్త్రీ కూలి తీసుకున్నది అసుంటి కాలనీలనే, మావోళ్ల ఇండ్లకే. "మనోళ్ల ఇంటికి మట్టం తప్పొద్దని సాయిబు రెండుసార్లు చూపిచ్చిండు" అంటడు.

మేస్త్రీ అన్న మాట పోర్చుగీసు భాష నుంచి వచ్చింది. పనితనం తెలిసిన గురువు అని అర్థం. కాంట్రాక్టర్‌కు పత్రికలోళ్లు వాడే మాట గుత్తేదారు. ఇది మన మాటే, కాని నిజాం కాలంల గుత్తేదారంటే కల్లు గుత్త పట్టినోడు. కల్లు గీసేది గౌడోళ్లు. గుత్త పట్టినోడు చెట్టెక్కడు, ముంత పట్టడు. సర్కారుకు ఇంత కట్టి మిగతాది ఎనకేసుకుంటడు. ఆ మాటను ఇండ్లు, రోడ్లు, కాలువల పనికి తెచ్చి తగిలిచ్చినోడెవడో గాని, సరిగ్గనే తగిలిచ్చిండు.

1990ల నాటికి మా నాయన కింద పన్నెండు మంది పనిచేసేటోళ్లు. లేబర్ కాంట్రాక్టు పట్టేటోడు. అంటే ఇటుక, సిమెంటు, సలాక ఇంటాయన తెచ్చుకుంటడు, పని మనది, చదరపు అడుగుకు ఇంత. తర్వాత తర్వాత సామాన్లతో సహా మొత్తం ఇల్లు ఒప్పుకునే కాడికి వచ్చిండు. సూర్యాపేటల విద్యానగర్ దిక్కు రెండు, కోదాడల మూడు, మిర్యాలగూడల ఒక దుకాణాల కాంప్లెక్సు. నేను ఏడో తరగతి నుంచి ఆయనకు లెక్కలు రాసేటోన్ని. ఎర్ర అట్ట లాంగ్ నోట్‌బుక్కు. ఎడమ దిక్కు హాజరు, కుడి దిక్కు అడ్వాన్సులు. ఎండాకాలం సెలవులల్ల మాలు కూడా అందించిన. ఆదివారం పొద్దుగాల మా అరుగు మీద కూలి పంచుడు. ఇంటాయన పైసలియ్యకున్నా ఆదివారం ఆగదు గద. ఎన్ని ఆదివారాలు మా నాయన నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి పంచిండో ఆ బుక్కుల ఉన్నది.

ఆ బుక్కుల ఇంకోటి కూడా ఉన్నది, దాచిపెడితే అబద్ధమైతది. మగోళ్లకు మూడు వందలు రాసిన కాలంల ఆడోళ్లకు రెండు వందలే రాసిన. సమాన పనికి సమాన వేతనం అని 1976లనే చట్టం వచ్చింది. మా అమ్మ మా నాయన సైటు మీదనే తట్ట మోసేది. "నీ పెండ్లానివని వంద తక్కువిస్తున్నవా, ఆడదాన్నని తక్కువిస్తున్నవా" అని ఒకసారి అందరి ముందల అడిగింది. ఆయన నవ్వి ఊకున్నడు. నేను ఆ వారం కూడా రెండు వందలే రాసిన. డిగ్రీకి పోయి అంబేడ్కర్‌ను చదివినంక గాని నా చేతిరాత నాకు సిగ్గనిపించలే.

కోదాడల ఇల్లు సంగతి చెప్త. మంచి మేడ. మా నాయన స్లాబు పోసినంక ఇరవై ఒక్క రోజులు రాత్రిపూట లేచి పోయి నీళ్లు పట్టిండు. పూజగదికి బండలు తనే స్వయంగా పరిచిండు. ఇంటాయన మర్యాదస్తుడే, 'మేస్త్రీ గారూ' అనేటోడు. గృహప్రవేశం నాలుగు రోజులుందనంగ మాటల్లో "మీదే ఊరు, ఎవరి తాలూకు?" అని అడిగిండు. మా నాయన చెప్పిండు. గృహప్రవేశం నాడు కొత్త చొక్కా తొడుక్కొని పోతే గేటు కాన్నే ఎదురొచ్చి, "మేస్త్రీ, ఇవాళ చుట్టాలు ఎక్కువున్నారు. మీవోళ్లందరికీ రేపు భోజనాలు పెట్టిస్తాలే" అన్నడు. 'గారు' పోయింది. మా నాయన ఎనక్కి మర్లి బస్సెక్కిండు. తెల్లారి భోజనానికి పోలే. మిగిలిన పన్నెండు వేలకు మాత్రం పోయిండు. అదీ ఆయన పద్ధతి. అదే మిర్యాలగూడల 2018 సెప్టెంబర్ 14న ప్రణయ్‌ను పట్టపగలు నరికి చంపిన్రు. ఆ రాత్రి టీవీ ముందు కూసొని మా నాయన, "గోడల దాకనే రానిస్తరురా" అని ఒక్క మాట అన్నడు. మళ్లా ఎన్నడూ దాని గురించి మాట్లాడలే.

ఇండ్ల పనిల అవమానం ఉన్నది గాని పైసలు ఇయ్యాలో రేపో వచ్చేటియి. సర్కారు పని వేరు. 2011ల ఒక హైస్కూలుకు రెండు అదనపు గదులు మంజూరైనయ్. టెండరు ఎయ్యాలంటే కాంట్రాక్టర్‌గ రిజిస్ట్రేషన్ ఉండాలె. దానికి తరగతులుంటయ్, స్పెషల్ నుంచి ఐదో క్లాసు దాకా. ఆస్తి చూపిచ్చి సాల్వెన్సీ సర్టిఫికెట్ తేవాలె, చేసిన పనుల అనుభవం కాగితం మీద చూపాలె, ఈఎండీ కట్టాలె. మా నాయన అనుభవం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నిలబడి ఉన్నది, కాగితం మీద లేదు. ఆస్తి సంగతి సరేసరి. ఇట్లాంటి మనిషికి ఒకటే తొవ్వ. లైసెన్సు ఉన్నోని కింద సబ్ పట్టుడు. ఆ పెద్దమనిషి పద్దెనిమిది శాతం లెస్‌కు టెండరు ఏసి పని తెచ్చుకున్నడు. తన పేరుకు పది శాతం పట్టుకొని మా నాయనకు నోటిమాట మీద అప్పజెప్పిండు. పద్దెనిమిది పోయి, పది పోయి, ఆఫీసుల పర్సంటేజీలు పోయి, మిగిలిన దాంట్ల రెండు గదులు లేపాలె. లెస్ ఏసినోళ్లందరూ దాన్ని సిమెంటులనే కోస్తరు. ఒకటికి ఆరు బదులు ఒకటికి పది. మా నాయనకు అది చాతకాలే. "పిల్లలు కూసునే గదిరా" అన్నడు. సలాక, సిమెంటు ఉద్దెర తెచ్చి కట్టిండు.

మొదటి బిల్లు సగం ముట్టింది. రెండోది కొంచెం. ఆఖరు బిల్లు రాలె రాలె అని లైసెన్సాయన ఎనిమిది నెలలు తిప్పిండు. ఆఖరికి ఎం బుక్కు చూసినోళ్లు ఎవరో చెప్పిన్రు. బిల్లు పాసై ఆయన ఖాతాల ఎప్పుడో పడ్డది. రెండు లక్షల నలభై వేలు. మా దగ్గర కాగితం ఏది? అగ్రిమెంటు ఆయన పేర, కొలతలు ఆయన పేర, చెక్కు ఆయన పేర. కేసు పెడుదామంటే ఆ గదులు మా నాయన కట్టిండని చెప్పే ఒక్క సంతకం లేదు. నేనప్పుడు బీఎడ్ చేస్తున్న. అమ్మ పుస్తెలు పోయినయ్, ఇంటి పక్క జాగ పోయింది. సిమెంటు దుకాణపాయన మా గడప మీద కూసున్న రోజు నేను పుస్తకం ముందల పెట్టుకొని లోపల కూసున్న.

బాబాసాహెబ్‌ను మనం రాజ్యాంగంతోటి, రిజర్వేషన్లతోటి గుర్తుపెట్టుకుంటం. 1942 జులైల ఆయన వైస్రాయి కౌన్సిల్ల లేబర్ మెంబరయిండు. కేంద్ర ప్రజా పనుల శాఖ, అంటే సర్కారు బిల్డింగులు కట్టే శాఖ, ఆయన కిందనే ఉండె. ఆ ఏడు అక్టోబర్‌ల వైస్రాయి లిన్‌లిత్‌గోకు షెడ్యూల్డు కులాల కష్టాల మీద ఒక మెమొరాండం ఇచ్చిండు. అందుల చదువుల గురించి, ఉద్యోగాల గురించి ఉన్నది. కాంట్రాక్టుల గురించి కూడా ఉన్నది! ఆ శాఖ జాబితాల వెయ్యికి పైగా కాంట్రాక్టర్లుంటే షెడ్యూల్డు కులపాయన ఒకే ఒక్కడు. ఎనభై ఏండ్ల కింద ఆయన ఆ లెక్క తీసి పెట్టిండు. మనం ఉద్యోగాల లెక్కనే పట్టుకున్నం, ఇది ఇడిసిపెట్టినం. 2002ల భోపాల్ డిక్లరేషన్ కాడ ఆ మాట మళ్లా లేచింది. పుణెల మిలింద్ కాంబ్లే, ఆయనా కట్టుడు పనిల కాంట్రాక్టరే, 2005ల దళిత వ్యాపారుల చాంబర్ పెట్టిండు. 2012 నుంచి కేంద్ర సంస్థలు కొనే సరుకుల్ల, సేవల్ల నాలుగు శాతం ఎస్సీ ఎస్టీ చిన్న పరిశ్రమల నుంచి కొనాలని విధానం వచ్చింది. దళితుడు పెట్టుబడిదారు అయితే కులం పోతదా అని మన మిత్రులు అడుగుతరు. పోదు. కోదాడ గేటు దగ్గర అది నేను చూసిన. కాని మా నాయన అడిగింది పెట్టుబడి కాదు, ఆయన చేసిన పని మీద ఆయన సంతకం.

కూలోళ్లకు చట్టం లేదా అంటే ఉండె. 1996ల భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది, కట్టుబడి ఖర్చుల ఒక శాతం సెస్సు వసూలు చేసి వాళ్ల సంక్షేమానికి పెట్టాలని. 2020ల పార్లమెంటు దాన్ని కొత్త కోడ్‌లల్ల కలిపింది. మా నాయన కార్డు తీసుకున్నడు. అరవై ఏండ్లు నిండంగనే కార్డు చెల్లలే. మోకాళ్లు మాత్రం ఆయన దగ్గరనే ఉన్నయ్.

2023 నవంబర్ 29న ఎన్నికల డ్యూటీకి నాకు ఒక హైస్కూలు పడ్డది. బస్సు దిగంగనే గుర్తుపట్టిన. ఆ రెండు గదులే. ఈవీఎంలు, కవర్లు, సిరా సీసాలు పెట్టుకొని అందుల్ల ఒక గదిలనే రాత్రి పండుకోవాలె. వరండాల శిలాఫలకం ఉన్నది. మంత్రి, ఎమ్మెల్యే, సర్పంచు, ఇంజనీరు, అన్నింటి కింద కాంట్రాక్టరు. పక్క మండలం సార్లు ఇద్దరు ఉండిరి, వాళ్లతోటి ఏం చెప్పలే. బయటికొచ్చి మా నాయనకు ఫోన్ చేసిన.

"ఎక్కడున్నవురా?"

చెప్పిన. ఆయన కొద్దిసేపు ఊకున్నడు.

"ఫలకం మీద ఆయన పేరే ఉన్నది నాయనా" అన్న.

"బిల్లు ఆయన పేరు మీదనే వచ్చె గదరా, ఫలకం ఎవలి పేరు మీదుంటది?" అన్నడు. మళ్లా తనే, "పడమటి గది. బోర్డు దిక్కు మూల. పైకి చూడు, చెమ్మ ఆనవాలున్నదా? ఆడ స్లాబు పోసేనాడు వాన పడ్డది. నాకు అదొక్కటే అనుమానం" అన్నడు.

కుర్చీ ఏసుకొని ఎక్కిన. మూల మీద చెయ్యి పెట్టి చూసిన, సెల్లు లైటు కొట్టి చూసిన. సున్నం రాలలే, మరక లేదు.

"పొడిగనే ఉంది."

"పగుళ్లు?"

"ఏం లెవ్వు."

"అయితే పండుకో. రేపు పొద్దుగాలనే లేవాలె గద" అని ఫోన్ పెట్టేసిండు.